నలభై దాటాక మారథాన్: మడమని అడిగి ప్లాన్ వేసుకోండి

నలభై దాటాక పరుగు మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో చాలావరకు ముందే చెప్పొచ్చు. మూడో నెలలో, పిక్క దగ్గరో మడమ దగ్గరో. మొదటి నెల ఆయాసం, రెండో నెల హుషారు, హైదరాబాద్ కేబీఆర్ పార్క్ బయటి వాక్‌వే మీద ఆగకుండా ఒక చుట్టు కొట్టేసరికి ఇక హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్లు) డబ్బు కట్టేద్దామన్న ఊపు, ఆ ఊపులో వారానికి మూడు రోజుల పరుగు కాస్తా ఆరు రోజులవుతుంది, ఆ తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. టెండన్లకి (కండని ఎముకకి కలిపే పట్టీలు), ఎముకలకి నెలలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకాస్త ఎక్కువే పడుతుంది. పాత చాసిస్‌కి కొత్త ఇంజన్ బిగించినట్టు అన్నమాట, ఇంజన్ లాగుతోంది కదా అని తొక్కితే విరిగేది చాసిసే.

కాబట్టి కింద రాసిందంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: మీ ఒంట్లో అన్నిటికంటే నెమ్మదిగా తయారయ్యే భాగం ఏదో, ప్లాన్ దానికి సరిపోవాలి. ఇరవై ఐదేళ్ల కుర్రాడి కోసం రాసిన పదహారు వారాల షెడ్యూల్‌ని డౌన్‌లోడ్ చేసి ఫ్రిజ్‌కి అంటించుకోవడం వల్ల లాభం లేదు.

ముందు పరీక్షలు, తర్వాత షూస్

మనవాళ్లు షూస్‌కి పదివేలు పెడతారు, రక్తపరీక్షకి వెయ్యి పెట్టమంటే "నాకేం, బాగానే ఉన్నా" అంటారు. మన దేశంలో గుండెజబ్బులు చాలా దేశాల కంటే చిన్న వయసులోనే వస్తున్నాయి. బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), ఈసీజీ చేయించుకుని ఒక డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో నాన్నకో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, లేదా మీకు షుగర్ ఉంటే, సిగరెట్ అలవాటు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, ట్రెడ్‌మిల్ టెస్ట్ కావాలో ఇంకేదైనా కావాలో ఆయన చెబుతారు. పనిలో పనిగా విటమిన్ డి, బీ12 కూడా చూపించుకోండి, పొద్దస్తమానం ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్లకి మొదటిది, మాంసాహారం తిననివాళ్లకి రెండోది తక్కువ ఉండటం మామూలే. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని ఇంటికెళ్లి సోడా తాగడం చాలా ఇళ్లలో చూసేదే, ఆ పని చేయకండి.

నలభైల్లో ఉన్న ఆడవాళ్లకి ఇంకొక మాట. నెలసరి ఆగిపోయే దశలో ఈస్ట్రోజన్ తగ్గడంతో ఎముకల బలం త్వరగా పడిపోతుంది, టెండన్లు కూడా దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. పరుగు ఒక్కటే సరిపోదు, బరువులు ఎత్తాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా చూపించుకోండి, ఆయాసానికి కారణం ట్రైనింగ్ లోపమో ఐరన్ లోపమో అందులో తెలుస్తుంది.

షూస్ గురించి ఎక్కువ చెప్పను. మెత్తగా ఉన్నాయా గట్టిగా ఉన్నాయా అన్నదానికంటే వేసుకుని షాపులో నాలుగడుగులు పరిగెత్తితే హాయిగా ఉన్నాయా అన్నది చూడండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఐదు నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల మధ్య మార్చేయండి. అడుగున కార్బన్ రేకు పెట్టి రేసుల కోసం చేసే ఖరీదైన కార్బన్ ప్లేట్ షూస్ మొదటి ఏడాది అక్కర్లేదు.

నెమ్మదిగా అంటే ఇంకా నెమ్మదిగా

నార్వేలో పనిచేసే అమెరికన్ పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ ప్రపంచస్థాయి ఎండ్యూరెన్స్ అథ్లెట్ల (ఎక్కువసేపు సాగే ఆటలవాళ్లు) ట్రైనింగ్‌ని లెక్కేసి చూస్తే, వాళ్ల సెషన్లలో దాదాపు 80 శాతం చాలా తేలికైనవి, మిగతా 20 శాతమే కష్టమైనవి. మన దగ్గర నెక్లెస్ రోడ్ మీద పొద్దున్నే చూస్తే లెక్క తలకిందులు. అందరూ రోజూ ఒకే వేగంతో, అటు తేలికా కాదు, ఇటు గట్టిదీ కాదు, మధ్యరకంగా రొప్పుతూ వెళుతుంటారు. ఆ మధ్యరకం వేగమే మనల్ని అలసగొట్టేది.

తేలిక పరుగుకి గుర్తు ఏమిటంటే, పక్కవాడికి నిన్నటి మ్యాచ్ సంగతి పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. రెండు ముక్కలు చెప్పి గాలి కోసం ఆగితే మీరు వేగంగా వెళుతున్నట్టే. మొదట్లో ఈ వేగం నడకలా అనిపిస్తుంది, అక్కడక్కడా నడవాల్సి కూడా వస్తుంది, మీ కంటే పదేళ్లు పెద్దాయన మిమ్మల్ని దాటి వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి. వాచీలో వచ్చే గుండె వేగం జోన్లు చాలావరకు మీ వయసు నుంచి కట్టిన అంచనాలే, ఒకే వయసున్న ఇద్దరి అసలు గరిష్ఠ గుండె వేగాల్లో పది పదిహేను బీట్ల తేడా మామూలుగా ఉంటుంది. మాట్లాడగలగడమే దానికంటే నమ్మదగ్గ పరీక్ష.

నెమ్మదితనం మీద నమ్మకం కుదరకపోతే ఎడ్ విట్లాక్ సంగతి చదవండి. కుర్రతనంలో పరిగెత్తి, మానేసి, నలభైల్లో మళ్లీ మొదలుపెట్టిన కెనడా ఇంజనీర్. 2004లో టొరంటోలో 73 ఏళ్ల వయసులో మారథాన్‌ని 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు. ఆయన ట్రైనింగ్ అంతా ఇంటి పక్కనున్న శ్మశానవాటికలో గంటల తరబడి చుట్లు తిరగడం, అదీ చాలా నిదానంగా. వేగం కావాలనిపిస్తే రేసులకి వెళ్లేవాడు. అలాగని మూడేసి గంటలు మనం తిరగనక్కర్లేదు, ఆయన ఎముకలు వేరు.

వారానికి నాలుగు రోజుల పరుగు చాలు. రెండు తేలికైనవి, ఒకటి కొంచెం గట్టిది, ఒకటి ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడుగు పరుగు. గట్టిదానికీ లాంగ్ రన్‌కీ మధ్య కనీసం రెండు రోజులు ఉండాలి, నలభై ఐదు దాటినవాళ్లకి మూడు ఉంటే ఇంకా మంచిది. మామూలు ప్లాన్లలో మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గిస్తారు. మనం రెండు వారాలు పెంచి మూడో వారం మూడోవంతు తగ్గించాలి. దీనివల్ల రేసు నెల రోజులు వెనక్కి జరుగుతుంది, జరగనివ్వండి. లాంగ్ రన్ ఒక్కటే వారం మొత్తం కిలోమీటర్లలో సగం అయిపోతోందంటే మిగతా రోజులు తక్కువైనట్టు, ఆదివారం హీరో, సోమవారం కుంటుడు అన్నమాట.

మెట్ల మీద పిక్కల పని

ఈ భాగం దాటేయకండి, బోర్‌గా ఉంటుంది కాబట్టే అందరూ దాటేస్తారు. 1998లో స్వీడన్ ఎముకల డాక్టర్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ మడమ వెనక అకిలీస్ టెండన్ నొప్పితో బాధపడుతున్న పదిహేనుమంది అమెచ్యూర్ అథ్లెట్లకి ఒక వ్యాయామం ఇచ్చాడు, వాళ్ల సగటు వయసు 44, అంటే సరిగ్గా మన బ్యాచ్. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న స్థితిలో ఉన్న ఆ పదిహేనుమందీ పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరుగులో పడ్డారు.

చేసేది ఇలా. మీ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, రెయిలింగ్ ఉన్న వైపు, మెట్టు అంచు మీద పాదాల ముందు భాగం మాత్రమే ఆనించి నిలబడండి. మడమలు గాల్లో ఉంటాయి. రెండు కాళ్ల మీద పైకి లేవండి, పైన ఒక కాలు తీసేయండి, మిగిలిన కాలి మడమని మూడు నాలుగు సెకన్లు తీసుకుని మెట్టు కంటే కిందకి దించండి. మళ్లీ పైకి లేవడానికి రెండో కాలి సాయం తీసుకోండి. పని జరిగేది దిగేటప్పుడే. పదిహేను చొప్పున మూడుసార్లు మోకాలు నిటారుగా, ఇంకో మూడుసార్లు మోకాలు కొంచెం వంచి, రెండు కాళ్లకీ. నొప్పి ఉన్నవాళ్లకి ఆల్ఫ్రెడ్‌సన్ ఇచ్చిన డోసు రోజుకి రెండు పూటలు. నొప్పి లేనివాళ్లకి వారానికి మూడు రోజులు సరిపోతుంది. తేలికైపోయాక బ్యాక్‌ప్యాక్‌లో ఐదు కిలోల బియ్యం వేసుకుని చేయండి. లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్లు వింతగా చూస్తారు, రెండు వారాలకి వాళ్లకీ అలవాటైపోతుంది.

దీనికి తోడు స్క్వాట్లు, ఒంటికాలి మీద వంగి లేవడం, నడుముకి ప్లాంక్. వారానికి రెండుసార్లు, అరగంట. నలభై దాటాక కండ తనంతట తాను తగ్గుతూ ఉంటుంది, పరుగు దాన్ని ఆపలేదు, బరువులే ఆపగలవు. తిండిలో ప్రొటీన్ కూడా అందుకే చూసుకోవాలి. రోజుకి ఒంటి బరువు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు అనుకుంటే, 70 కిలోల మనిషికి 84 నుంచి 112 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు, కప్పు పప్పుకి ఏడెనిమిది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి రెండు పుల్కాలు తింటే ఆ లెక్కలో సగం కూడా రాదు.

ఏ రేసు, ఏ నెల, ఏ రోడ్డు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది, నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తూ వచ్చింది. మన ఊరు, మన జనం, రోడ్డు పక్కన డప్పులు, అన్నీ బాగుంటాయి. కానీ నా మాట వింటే మీ మొదటి ఫుల్ మారథాన్ (42 కిలోమీటర్లు) అక్కడ చేయకండి. దారిపొడవునా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, పైగా ఆగస్టు తెల్లవారుజామున గాలిలో తేమ. చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అక్కడ హాఫ్ చేయండి, లేదా 10కే. మొదటి ఫుల్‌కి చలికాలం రేసు చూసుకోండి. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం, దానికి ట్రైనింగ్ ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలుపెడితే లాంగ్ రన్‌లన్నీ నవంబర్, డిసెంబర్ చల్లటి పొద్దుల్లో పడతాయి. అందరూ భయపెట్టే పెడ్డర్ రోడ్ ఎక్కుడు సరిగ్గా అలసిపోయాక వస్తుంది నిజమే, కానీ హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ప్రాక్టీస్ చేసినవాళ్లు దానికి అంతగా బెదరరు.

ఎండాకాలం నాలుగున్నరకే రోడ్డు మీద ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నర తర్వాత పరిగెత్తేది ట్రైనింగ్ అనిపించుకోదు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో పేస్ (కిలోమీటర్‌కి పట్టే నిమిషాలు) చూడకండి. చదునుగా కావాలంటే నెక్లెస్ రోడ్ (హుస్సేన్ సాగర్ వాసన మీ అదృష్టం), నీడ కావాలంటే ఉస్మానియా క్యాంపస్, ఎత్తుపల్లాలకి కేబీఆర్ చుట్టూ, లేదా జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా. మోకాలు మొరాయించిన వారం ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కనున్న సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఉంది, 23 కిలోమీటర్లు, 2023లో తెరిచారు, పరుగు బదులు గంటన్నర సైకిల్ తొక్కితే గుండెకి పని తగ్గదు, పాదానికి దెబ్బ తగలదు.

కుక్కల సంగతి కూడా చెప్పాలి, ఏ ఇంగ్లిష్ ప్లాన్‌లోనూ ఇది రాయరు. చీకట్లో గుంపు కనిపిస్తే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడకండి, వీపు తిప్పకుండా మెల్లగా దాటండి. కరిస్తే ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోండి, నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. గీత పడింది అంతే కదా అని వదిలేయకండి.

నీళ్లు, ఉప్పు, తిండి

ఒక ఆదివారం గంట పరుగుకి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపండి. ఇప్పుడు గంటకి ఎంత తాగాలో ఒక అంచనా ఉంటుంది, అంతా తిరిగి పోయనక్కర్లేదు, బరువు పెరిగేంత మాత్రం తాగనే కూడదు. ప్రతి స్టాల్ దగ్గరా ఆగి కడుపునిండా మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది, నాలుగైదు గంటలు నిదానంగా పరిగెత్తే మనలాంటివాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ.

ఓఆర్‌ఎస్ అంటే మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. పండ్ల బొమ్మలతో వచ్చే తియ్యటి టెట్రాప్యాక్‌ల మీద ఆ పేరు వాడటాన్ని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడి ఆపించారు, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ, దానికి మించింది లేదు.

గంటన్నర దాటే పరుగుకి గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. పరుగు మధ్యలో నోట్లో పిండుకునే ఎనర్జీ జెల్ ఒకదాంట్లో ఇరవై, పాతిక గ్రాములు ఉంటాయి. జెల్ పడనివాళ్లు గింజ తీసిన ఖర్జూరాలు జిప్ కవర్‌లో పెట్టుకోండి, చిన్నవి ఒక్కొక్కటి ఐదారు గ్రాములు. ఏదైనా సరే లాంగ్ రన్‌లలో తిని చూసినదే రేసులో తినాలి. ముందురోజు రాత్రి ఫ్రెండ్స్ "కార్బ్ లోడింగ్" అని బిర్యానీకి పిలుస్తారు. అన్నం కార్బే, నూనె, మసాలా మాత్రం తెల్లారి మొబైల్ టాయిలెట్ క్యూలో లెక్క అడుగుతాయి. పెరుగన్నం, అరటిపండు, తొమ్మిదికల్లా పడక.

ఇంకోటి, రేసు ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీలకి చేటు, నొప్పి తెలియకుండా చేసి గాయాన్ని పెద్దది కూడా చేస్తాయి. మాత్ర లేకుండా నిలబడలేని నొప్పి ఉంటే ఆ రేసు మానేయాలి.

రేసు రోజు

మొదటి ఐదు కిలోమీటర్లు సిగ్గేసేంత నెమ్మదిగా వెళ్లాలి. డీజే మోగుతుంటుంది, కుర్రాళ్లు "అంకుల్, సైడ్!" అంటూ దూసుకెళతారు, వాళ్లలో సగంమంది ముప్పైయో కిలోమీటర్ దగ్గర నడుస్తూ కనిపిస్తారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వాచీలో పేస్ చూడకండి, ఊపిరి ఒకే తీరులో ఉండేలా అడుగులు చిన్నవి చేసుకోండి. అసలు తొడలు పాడయ్యేది దిగేటప్పుడు, ఎందుకంటే కండరం సాగుతూ బరువు ఆపాల్సి వస్తుంది. పెద్ద అంగలు వేసి బ్రేకులు కొట్టకుండా చిన్న అడుగులతో దిగిపోవాలి, ఇది ముందే కేబీఆర్ దగ్గర ప్రాక్టీస్ చేసి ఉండాలి. దారిలో వాలంటీర్ పిల్లలు "ఇదే లాస్ట్ ఫ్లైఓవర్ అంకుల్!" అంటారు. ప్రేమతో అంటారు, నమ్మకండి, రూట్ మ్యాప్ ముందురోజు చూసుకుని లెక్క మీరే గుర్తుపెట్టుకోండి.

మనసు మొరాయించినప్పుడు

మోటివేషన్ వీడియోలు ఎన్ని చూసినా నాలుగుంబావుకి అలారం మోగినప్పుడు ఏదీ గుర్తురాదు. గేటు దగ్గర ఒక మనిషి ఎదురుచూస్తుంటే మాత్రం లేస్తాం. కాబట్టి పెద్ద గ్రూపులో చేరినా మానినా, మీ పేస్‌లో పరిగెత్తే ఒకరిద్దర్ని పట్టుకోండి. బట్టలు, సాక్సులు, బాటిల్ రాత్రే హాల్లో పెట్టుకోండి, చీకట్లో అల్మారా తలుపు చప్పుడు చేస్తే ఇంట్లో రెండో యుద్ధం. ఇంట్లోవాళ్లతో ముందే ఒప్పందం ఉండాలి: ఆదివారం ఎనిమిదింటికల్లా ఇంట్లో, చేతిలో టిఫిన్ పార్సెల్, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా సోఫాలో పడుకుని "కాళ్లు లాగుతున్నాయి" అనకూడదు. లాంగ్ రన్ వల్ల ఆదివారం మొత్తం పోతుంటే ఆ పరుగు ఏడాది నిలవదు.

కొన్ని నెలలు కుదరవు. పిల్లకి పదో తరగతి పరీక్షలు, అమ్మని ఆస్పత్రిలో చేర్చడం, ఆఫీసులో రిలీజ్. అప్పుడు ప్లాన్ మొత్తం పారేయకుండా వారానికి రెండు పరుగులు, ఒక్కోటి అరగంట, అందులో ఒకదాంట్లో కాస్త గట్టిగా కొన్ని నిమిషాలు పెట్టుకోండి, అంతమాత్రానికే ఫిట్‌నెస్ చాలా వారాలు పెద్దగా జారకుండా నిలుస్తుంది. మెట్ల మీద పిక్కల పని ఎలాగూ ఇంట్లోనే. నిద్ర ఐదు గంటలకి తగ్గిన రాత్రి తర్వాత మాత్రం అలారం తీసేసి పడుకోండి.

టైమింగ్ విషయంలో, ముప్పైల్లో వచ్చిన టైమ్‌తో పోల్చుకుని ఏడవద్దు. వయసుని బట్టి టైమ్‌ని శాతంలో చూపించే ఏజ్ గ్రేడింగ్ కాలిక్యులేటర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, నిమిషాలు పెరిగినా ఆ శాతం పెరుగుతుంటే మీరు బాగుపడుతున్నట్టే. రిజల్ట్స్‌లో మీ వయసు కేటగిరీ మాత్రమే చూడండి. యాభై దాటిన కేటగిరీలో పోటీ తక్కువ అనుకుంటారేమో, గచ్చిబౌలిలో కొందరు రిటైరైనవాళ్లని చూస్తే ఆ భ్రమ పోతుంది.

రేసు అయ్యాక మొదటి వారం నడక, ఈత, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం. రెండో వారం నొప్పి లేకపోతే ఇరవై, ముప్పై నిమిషాల తేలిక పరుగులు. గట్టి సెషన్ నాలుగో వారం దాకా వద్దు. ఫుల్ పూర్తిచేసిన సాయంత్రం మెడల్ ఫోటోకి లైకులు వస్తుండగానే ఇంకో రేసు లింక్ ఎవరో గ్రూపులో పెడతారు, ఎర్లీ బర్డ్ డిస్కౌంట్ ఈ రాత్రితో ఆఖరు అని. రెండు వారాలు ఆగి, మెట్టు అంచు మీద ఒంటికాలితో పదిహేనుసార్లు దిగి చూసుకుని, ఏ నొప్పీ లేకపోతే అప్పుడు కట్టండి, ఆ డిస్కౌంట్ కంటే ఫిజియో ఫీజే ఎక్కువ.